అరంగుళం

మూడు ఇనప గొట్టాల కింద
చైన్‌బ్లాకు కొక్కేనికి ఇంజను వేలాడుతోంది.
దాసన్నపేట సందులో పొద్దున్నే గాలి లేదు,
అయినా అది ఊగుతోంది,
సిరిమాను చివర పూజారిలా, నెమ్మదిగా.
కింద జనం లేరు.
నేను, ఎరకమ్మ, టీ గ్లాసుల కోసం నిలబడ్డ కుర్రాడు.

అరవయ్యారు మోడల్ హెరాల్డు.
బానెట్టు మొత్తం ఊడదీసి గోడకి చేరేశాం.
పళ్ళసెట్టు తీసిన ముసలాడిలా
కారు నోరు తెరుచుకుని సిగ్గుపడుతోంది.

మస్తాను సాహెబు బోరు తీసిన సిలిండర్లివి.
ఇరవై థౌ.
చూపు సరిగా ఆనక ఆయన
వేలు లోపల తిప్పి చెప్పాడు,
చాలు, ఇంక ముట్టుకోకు, అని.
ఆయన వెళ్ళాక మైక్రోమీటరు పెట్టి చూశాను.
వేలే కరెక్టు.

"దించు... దించు... ఆగు!"
ఎరకమ్మ అరుపు.
ఐటీఐ సర్టిఫికెట్టు ఉన్న గుంట,
ఏ షెడ్డువాడూ పనిలో పెట్టుకోలేదు.
నేను పెట్టుకున్నదీ మంచితనంతో కాదు,
నా నడుం వంగడం మానేసింది గనక.
రెండు మౌంటింగుల మీద
బియ్యం బస్తా దించినంత మెత్తగా
ఇంజను కూర్చుంది.

ఇక గేర్‌బాక్సు.
ఈ బండికి అది లోపలి నుంచే ఎక్కాలి.
సీట్లు తీసేసిన చోట
ఎరకమ్మ బాసింపట్టు వేసుకుని
దాన్ని ఒళ్ళోకి తీసుకుంది,
పసిపిల్లని ఎత్తుకున్నట్టు కాదు,
పనసకాయ కోయబోతున్నట్టు.

షాఫ్టు క్లచ్‌ప్లేటులోకి దూరింది.
వెళ్ళింది, వెళ్ళింది,
అరంగుళం ఉందనగా ఆగిపోయింది.

పదకొండు నుంచి రెండు దాకా
ఆ అరంగుళమే.
నూనె రాశాం. తిట్టాం.
పైడితల్లికి ఓ కొబ్బరికాయ మొక్కాను,
గుంటకి వినబడకుండా.
బోల్టులు పెట్టి లాగేద్దామనిపించింది.
లాగితే వస్తుంది, గేర్‌బాక్సు చెవి కూడా విరిగొస్తుంది.
నా చెవి మెలిపెట్టి మేస్త్రీ నేర్పిన మాట:
బోల్టున్నది కలపడానికి కాదురా,
కలిసినదాన్ని పట్టి ఉంచడానికి.

అప్పుడొచ్చారు వరహాలమ్మగారు, గొడుగుతో.
బండి ఆవిడదే ఇప్పుడు.

పాత గేర్‌బాక్సు విప్పినప్పుడు చూశాను,
రెండో గేరు పళ్ళు ఒకవైపే అరిగి ఉన్నాయి,
వక్క నమిలీ నమిలీ అలిసిన దవడలా.
ఆవిడ భర్త చింతపండు కొనడానికి
వారం వారం సంతకి సాలూరు ఘాటీ ఎక్కేవాడట.
ముప్పై ఏళ్ళు. కొండంతా రెండులోనే.
పక్క సీట్లో ఈవిడ, ఒళ్ళో కాటా.

"ఆ పాత చక్రం ఓసారి ఇస్తారా?" అన్నారు.

ఇనప సామాన్లవాడికి
మొన్ననే కేజీల లెక్కన వేసేశాను.
ఆ డబ్బుతో గ్రీజు డబ్బా కూడా కొన్నాను.
చెప్పక తప్పలేదు.
ఆవిడ గొడుగు ముడిచి, దాని కొసకేసి చూసి,
"పోన్లెండి. ఆ గేరు కాడే
నన్ను తిట్టీవోరు,
మాటాడకే, కొండెక్కతన్నాం, అని."
నవ్వారు.

ఆ నవ్వుకి కాదు, కచ్చితంగా కాదు,
సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఎరకమ్మ
"మేస్త్రీ, ముందు పుల్లీ రవ్వంత తిప్పు" అంది.
స్పానరు వేసి తిప్పాను. గోరంత.
టక్.
పొద్దుటి నుంచి మా ముగ్గురి మధ్యా కూర్చున్న అరంగుళం
ఎటు పోయిందో.

సీట్లు బిగించేసరికి దీపాలు పెట్టే వేళ.
మొదట తుమ్మింది. నీలం పొగ కక్కింది.
టీ కుర్రాడు గ్లాసులొదిలి పరిగెత్తాడు.
తర్వాత నిలబడింది,
ఆయిలు దీపం ఆరింది,
నాలుగు సిలిండర్లూ ఒకే మాట మీదకొచ్చాయి.

వరహాలమ్మగారు అలవాటుగా ఎడమ తలుపు దగ్గరికెళ్ళి,
హ్యాండిల్ మీద చెయ్యేసి,
తీసేసి,
చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చారు.
"క్లచ్చు ఏది, అమ్మాయ్?"
"ఎడం కాలు కింద. గట్టిగా తొక్కండి."

కొత్త పళ్ళు, ఏ కొండా తెలీదు వాటికింకా.
మొదటి ఐదొందల కిలోమీటర్లూ మెల్లిగా నడపాలి,
నలభై దాటకూడదు,
అని చెబుతూనే ఉన్నాను.
ఇద్దరిలో ఒక్కరూ వినిపించుకోవడం లేదు.