పదిన్నర

లారీ టైరుకు ఎంత, ఆటో ముందు చక్రానికి ఎంత
మీటరు సూడకుంట చెప్త.
బొటనేలుతోని నొక్కితె తెలుస్తది.
ముప్పయ్యేండ్ల సంది కాజీపేట దర్గా రోడ్డు మీద
ఊరందరికి గాలి కొట్టిన చెయ్యి ఇది.
నా గాలి సంగతే నాకు తెల్వకపాయె.

సారక్క చెప్పింది డాక్టరుకు:
"గుర్రు ఆగితె ఎవలన్న సంబురపడ్తరు.
నేను లేసి కూసుంట సారూ.
మళ్ల సురువయ్యేదాంక నా ఊపిరి గూడ ఆడది."

కొత్త మిషను ధర ఇని
ఇద్దరం ఆటో ఎక్కకుంట నడిసొచ్చినం.
నయీంనగర్ల ఒక ఇంట్ల దొరికింది, సగానికి తక్కువకు.
రిటైరైన హెడ్మాస్టరుదంట. మొన్న ఎండకాలం పోయిండు.
"నిద్రల గాదు, గుండె" అన్నది కోడలు,
నేను అడుగకముందే.

మాస్కు మట్టుకు కొత్తది కొన్న.
మొదటి రాత్రి
సైకిల్ ట్యూబుల ట్రాక్టరు గాలి దించినట్టయింది.
పొట్ట ఉబ్బింది. తెల్లార్లు తేన్పులు.
మాస్కు అంచుల నుంచి కంట్లెకు సన్నటి ఈల.
పెద్దసారు ఊపిరికి కట్టిన లెక్క అది, పదమూడు.
ఆయన అంగీ నేను తొడుక్కున్నట్టు.

మళ్ల రమ్మన్న తారీఖు రెండు నెలలకు.
ఎక్కువ నిండిన టైరు రెండు నెలలు ఆగుతదా?

మా షాపుల పోరడు అఫ్రోజ్
రెండు బటన్లు ఒక్కసారే ఒత్తి పట్టిండు.
తెర మీద ఒక లోపలర్ర తెరుసుకున్నది,
మనకు కనవడకుంట దాసింది.
అండ్ల మొత్తం గంటలు: నాలుగు వేల నూట పద్దెనిమిది.
పెద్దసారు పండుకున్న గంటలు.
"చెరిపెయ్యన్నా మామా?"
వద్దన్న.

ఎనిమిదికి దించిన.
సారక్క గోడకు ఒరిగి కూసున్నది, ఒడిల చింతగింజలు.
ఊపిరి ఆగినప్పుడల్ల గిన్నెల ఒక గింజ.
తెల్లారి లెక్కవెడితె ముప్పై ఒకటి.
"కునుకుల ఒకటి రెండు తప్పిపోయినయేమో" అన్నది.
తొమ్మిదికి పందొమ్మిది.
ఒక్కపారి పెంచలె. నాలుగు రోజులకు అర.
గాలి కొట్టెటోనికి ఆత్రం ఉండొద్దు.

ఈల మాత్రం పోతలేదు.
బక్కెట్ల ట్యూబు ముంచి సూసినట్టు
చెంపలకు తడి రాసుకొని మిషను ఏసిన.
ఏడ సల్లగ తాకితె ఆడ లీకు.
మీసం కాడ.
పెండ్లి ఫోటోలున్న మీసం అది.
మంగలి శ్రీహరి కత్తి పట్టుకొని రెండుసార్లు అడిగిండు, "నిజంగనేనా?"
సారక్క మూడు రోజులు
నా మొకం సూడకుంట అన్నం వెట్టింది.

పదిన్నర కాడ గిన్నెల రెండే గింజలు.
"అవి గూడ గూడ్సు బండి పోతున్నప్పటియి,
ఆ సప్పుడుల నాకే సరిగ ఇనవడలేదు."

తారీఖు నాడు ఆసుపత్రిల సన్నటి పిల్ల
చిప్పు తీసి కంప్యూటరుల వెట్టింది.
"ఎవలు మార్చిండ్రు ఇది?"
చేతులు ఎన్కకు దాసుకున్న, గోర్లల్ల గ్రీసు.
శానా కోపం జేసింది. తప్పే మరి.
"మీటరు లేకుంట ఎట్ల మారుస్తరు?"
"మీటరున్నది మేడం" అని సారక్కను సూపిచ్చిన.
కొంగు ముడి ఇప్పి గింజలు బల్ల మీద పోసింది సారక్క,
పద్దు ఒప్పజెప్పినట్టు.
ఆ పిల్ల వాటిని సూసింది, తెరను సూసింది.
నంబరు మార్చలె.
"మళ్ల నన్నడుగకుంట ముట్టుకోవద్దు" అన్నది.

ఇప్పుడు తెర మీద గంటలు ఐదు వేలు దాటినయి.
ఆయనవి ఏడ ఆగినయో, నాయి ఏడ మొదలైనయో
మిషనుకు పట్టింపు లేదు.

సారక్కకు మొదట్ల నిద్ర రాకపాయె, కావలి లేక.
ఇప్పుడు పండుకుంటున్నది.
నిన్న రాత్రి మాస్కుల నుంచి ఇన్న:
గుర్రు. నాది గాదు.
మెల్లగ లేసింది, లేసింది,
ఆగింది.

గూడ్సు బండి ఏదీ పోతలేదు.
గా గిన్నె ఏడ వెట్టిందో
పొద్దుగాల అడగాలె.