మచ్చ

సైదాపురం గనుల్లో మైకా చీల్చిన చేతులు మస్తానమ్మవి.
బొటనవేలి పక్కన కత్తి దిగిన పాత గాటు
ఇప్పటికీ తళుక్కుమంటుంది,
చర్మం కింద ఓ పొర మిగిలిపోయినట్టు.

నేను నెల్లూరులో, మాగుంట లేఅవుట్ వెనక,
రెండు గదుల ల్యాబులో
టేపుతో స్ఫటికాన్ని చీలుస్తుంటాను.
అంటించి, పీకి, మళ్లీ అంటించి,
మూడు పరమాణువుల మందం మిగిలేదాకా.
మూడు నెలలుగా చిరుగులే.

గది ఊడ్వడానికొచ్చి, చీపురానించి, చూసింది ఆమె.
"పొరకి కోపమొచ్చేట్టు పీకబాక పాపా.
అంచు యాడుండాదో దాన్నే అడుగు.
చెప్తాది."

ఆ వారమే వచ్చింది పొర.

కింద సిలికాన్ చిప్పు. ఒకప్పుడు ఇసుక.
మన తీరపు తెల్ల ఇసుకే అనుకోవడం నాకిష్టం, రుజువు లేదు.
దాని మీద వెలుగు నడిచే కాలువలు,
వెంట్రుకలో నూట ఎనభయ్యో వంతు వెడల్పు,
కనుపూరు కాలువకున్నట్టే మలుపులూ తూములూ.
కాలువ ఉంది, నీళ్లు లేవు:
సిలికాన్ వెలుగును మోస్తుంది గానీ కనదు.
కనేది పై పొర.
అందులో ఒకచోట పరమాణువు ఊడిన ఖాళీ.
ఆ లోటులోంచే
అడిగినప్పుడల్లా ఒకటి, ఒక్కటంటే ఒక్కటే,
కాంతి రవ్వ.

మైకాలో మచ్చ కనబడితే
షావుకారు పలకని నాసిరకం గుట్టలోకి విసిరేవాడట,
ఆ రోజు కూలి కోసేవాడట.
మాకు మచ్చే కావాలంటే మస్తానమ్మ నమ్మలేదు.

కష్టమంతా దించడంలో.
మచ్చ సరిగ్గా కాలువ నడిమధ్యన వాలాలి.
జుట్టంత కాదు, జుట్టులో వెయ్యోవంతు జరిగినా
రవ్వ గాలిపాలు.
ఊపిరి బిగబట్టి దించాను.
కరెంటు పోలేదు. అదొక్కటే నా అదృష్టం.

చలియంత్రం గురగురల్లో, రాత్రి రెండింటికి,
ఒక డిటెక్టరు టిక్కుమంటే రెండోది మౌనం.
రెండోది పలికితే మొదటిది మౌనం.
రవ్వ ఒకటే అయితే రెండు గడపలు ఎట్లా తొక్కుతుంది?
గ్రాఫు నడుమ నిటారుగా దిగింది గుంట.

నూరు పుడితే కాలువ దాటి వచ్చినవి నాలుగు.
తక్కినవి ఎటు పోయాయో
రేపట్నుంచి వెతకాలి.

పొద్దున్నే "ఏదీ, చూపించు" అంది.
చూస్తే అయిపోయేదాన్ని ఎట్లా చూపను?
గ్రాఫు చూపించాను.
గాటున్న వేలితో స్క్రీను మీద గుంటను తడిమింది.
"గనిలాగుండాదే.
లోపల ఎవురుండారు?"

ఒక్కటే, అన్నాను.