ఎవరైనా ఉన్నారా

కుతాయిసిలో చలికాలం, ఎనిమిదైనా చీకటే.
బడి రెండో అంతస్తులో కిరోసిన్ హీటరు వాసన.
గోడవారన ఇరవై మూడు కంప్యూటర్లు,
ఏదో బ్యాంకు వదిలించుకుంటే తెచ్చుకున్నవి.
ఇచ్చేముందు డిస్కులు పీకేసుకున్నారు.
కడుపులో ఏమీ లేదు,
స్క్రూలు బిగించిన నాలుగు రంధ్రాలు తప్ప.

మీట నొక్కగానే ప్రతిదీ లేచి
వైరులోకి ఒకటే కేక,
ఎవర్నీ పేరుపెట్టి కాదు:
ఎవరైనా ఉన్నారా?
నా చిరునామా ఏది? నేను ఏం కావాలి?

బదులు చెప్పడానికి
పటాల బీరువా వెనక ఒక పాత పెట్టెలో
డీమన్‌ని కూర్చోబెట్టాను.

గదులు తుడిచే పెపెలా ఆ మాట విని
మూడుసార్లు శిలువ గీసుకుంది.
"దెయ్యం కాదు, గుమాస్తా," అన్నాను.
"రాత్రంతా చెవి అప్పగించి కూర్చుంటాడు."
"జీతమెంత?"
"లేదు."
"అయితే దెయ్యమే," అని బకెట్ తీసుకుని వెళ్ళింది.

ఒక సాయంత్రం పని అనుకున్నా.
సోర్సు దింపుకున్నా, కంపైల్ చేశా,
సెట్టింగుల ఫైల్లో నలభై ఒకటో వరుస చివర
ఒక్క సెమికోలన్ మర్చిపోయా.
అది నేరం నలభై రెండో వరుస మీద మోపింది.
రెండు రాత్రులు ఒక నిర్దోషిని విచారించాను.

మూడో రాత్రి మొదటి తెర వెలిగింది.
కెర్నల్‌ని ముద్దలు చేసి పెడుతున్నాడు గుమాస్తా,
ఐదువందల పన్నెండు బైట్ల ముద్ద,
అందింది అంటేనే ఇంకోటి,
అందింది అంటేనే ఇంకోటి.
నేనూ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

పన్నెండో యంత్రానికి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.
టార్చి పట్టుకుని నేలమీద పడుకుని
కార్డుల నంబర్లు చదివింది బాచానా,
నోట్‌బుక్కులో రాసుకుంది నేను.
మూడు వారాల తర్వాత తెలిసింది,
బి అని వాడంటే ఎనిమిది అని రాశాను.
గుమాస్తా తప్పేం లేదు.
చిట్టాలో లేనివాడికి విస్తరి వెయ్యలేదు, అంతే.

తర్వాత ఒక మంగళవారం
తొమ్మిది లేచాయి, పద్నాలుగు నల్లగా ఉండిపోయాయి.
లాగ్ చూస్తే అందరికీ జవాబిచ్చానంటాడు.
ఇచ్చాడు కూడా.
కానీ ముందు పలికినవాడిదే మాట ఈ వైరులో,
ఇంకెవడో ముందే పలికాడు.
గది గదీ వెతికాను.
చదరంగం బల్ల కింద నీలం దీపం:
ఇపొలితె మాస్టారు ఇంటినుంచి తెచ్చిన రౌటరు.
అడిగినవాడికల్లా చిరునామా ఇస్తోంది,
ఏం కావాలో మాత్రం చెప్పదు.
ఇల్లు చూపించి తాళంచెవి ఇవ్వని రకం.
"పిల్లలకి కాస్త ఇంటర్నెట్ ఇస్తే తప్పా?" అని
ఆయన ఏనుగుని ఎత్తి పట్టుకుని నన్నడిగాడు.
తప్పని చెప్పలేక
ఆయనకి వేరే వైరు లాగి ఇచ్చాను,
కిటికీలోంచి, కొరడ మీదుగా, పదహారు మీటర్లు.

ఇక కరెంటు.
పోవడంతో పేచీ లేదు, రావడంతోనే.
ఇరవై మూడూ ఒక్కసారే లేచి అరిస్తే
ఇరవై ఒకటో గొంతు దగ్గర గుమాస్తా కుప్పకూలేవాడు.
సోర్సులో దొరికింది: ఇరవై,
ఎప్పుడో ఎవరో అక్కడ రాసి వదిలిన అంకె.
అంతకుమించి ఒకేసారి ఆకలితో వస్తారని
ఆ రాసినవాడు అనుకుని ఉండడు.
అరవై నాలుగు చేశాను.

మాన్యువల్ అడుగున ఒక పేరు, ఒక మెయిలు చిరునామా.
నాలుగేళ్ళుగా కొత్త విడుదల లేదు.
మార్చిన ఒక్క వరుసనీ పంపించాను,
బతికున్నాడో లేదో అనుకుంటూ.

నెల తర్వాత బదులొచ్చింది:
"చేర్చాను. మీ దగ్గర చలి ఎక్కువా?"

చలి గురించి రాయాలంటే
హీటరు గురించి రాయాలి,
పెపెలా గురించి, వేళ్ళు కొంకర్లు పోతుంటే
చొక్కా కింద మౌస్ దాచుకునే బాచానా గురించి రాయాలి.
నా గుమాస్తాకి రెప్పపాటు పని.
నాకు పదకొండు రోజులయింది,
ఇంకా రాయలేదు.