కుక్కల బండి

మెట్టుగూడల రైల్వే గోడకు ఆనుకొని
ఏడడుగుల మడిగె మాది.
నలుగురు నిలవడితే
ఐదోవాడు రోడ్డు మీదనే తినాలె.

పెయింటరు సాయిలు బోర్డు మీద
హాట్ డాగ్ అని రాసి, కిందికి దిగి,
నిచ్చెన వదలకుండనే అడిగిండు:
"అక్కా, నిజంగనే కుక్కనా?"
ఫిలోమినక్క అతన్ని మళ్ళా పైకెక్కించి
ఇంకో లైను రాయించింది:
ఇది కోడి. ఒట్టు.

ఆ ఒట్టు మీదనే పదకొండేండ్లు నడిచింది దుకాణం.

దవాఖాన నర్సులు, డిగ్రీ పోరగాళ్ళు,
రాత్రి డ్యూటీ దిగిన గార్డు థామస్ సారు.
ఆయనకొక్కనికే ఆవాల ముద్ద,
మిగిలినోళ్ళకు పుదీన, పచ్చిమిర్చి, నిమ్మకాయ.
బన్నుకు గాటు పెట్టుడు నా పని.
మొత్తం కోయొద్దు, అంటది అక్క,
పుస్తకం లెక్క తెరుసుకోవాలె, అట్ట ఊడొద్దు.
ఉల్లిగడ్డలు గుడ నేనే.
నా కండ్లల్ల నీళ్ళెందుకని
పదకొండేండ్లల్ల ఎవ్వలడగలేదు.

మడిగె కిరాయి రెండింతలైన నెల
అక్క వేలంపాటకు పోయి బండి తోలుకొచ్చింది.
ఇంజను మంచిదే. టైర్లు నడుస్తయి. ధర అగ్గువ.
ఎందుకగ్గువనో ఎనక తలుపు తీస్తే తెలిసింది.
ఇనుప జాలి.
లోపటి రేకు మీద గోటి గీరలు,
కింది నుంచి మోకాలెత్తు దాక
ఒకదాని మీదొకటి,
ఎవ్వలూ చదువని దస్తూరి.

కార్పొరేషనోళ్ళు కుక్కల వట్టిన బండి.

నవ్వినం. నవ్వకుంట ఎట్లుంటం?
"హాట్ డాగులకు ఇంతకన్న బండి దొరుకుతదా?"
జాలి కోసి కిటికీ పెట్టుకుంటనే
పొట్ట పట్టుకున్నడు మెకానిక్ జహంగీర్.
ఫినాయిలు, సోడా, సున్నం, నిమ్మచెక్కలు,
నాలుగు రోజులు కడిగినం.
పసుపు రంగేసినం. పెనం బిగించినం.
గీరల మీద కొత్త స్టీలు రేకు కొట్టిచ్చినం.
ఆఖరి స్క్రూ తిప్పే ముందల
ఒక్క గీర మీద వేలు పెట్టి చూసిన.
లోతుగుండె.

మొదటి రాత్రి తార్నాకల ఆపితే
తొంభై బన్నులు తొమ్మిదిన్నరకే ఒడిసినయి.
అక్క నోట్లు లెక్కవెట్టి, మళ్ళ లెక్కవెట్టి,
"గల్లీ గల్లీ తిరుగుదాం ఇగ" అన్నది.

తిరిగినం. సీతాఫల్‌మండి, వారాసిగూడ, లాలాగూడ.
మేం మలిగిన ఏ గల్లీల గుడ
ఒక్క కుక్క లేదు.
రంగు మారిన సంగతి మనుషులకెరుక,
వాటికి ఇంజను చప్పుడెరుక.
కార్ల కింద రెండు కండ్లు మెరిసి
బుగ్గ బంజేసినట్టు ఆరిపోయేటివి.

టికెట్టు గుడ పోయింది.
మా మడిగె మెట్టు మీద పొద్దూకితే కూసునే కర్రెది.
చెవి అంచుకు కోత,
టీసీ కొట్టినట్టుంటదని మేమే పెట్టిన పేరు.
గా కోత ఏడ పడ్డదో
గప్పుడు మేం ఆలోచన చెయ్యలే.

ఎనిమిదో నాడు, అర్ధరాత్రి దాటినంక,
అక్క గల్లీ మొగదలే ఇంజను బంద్ చేసింది.
"దిగు. నూకుదాం."
ఆమెకు యాభై ఎనిమిది. నాకు నడుము నొప్పి.
రెండు టన్నుల పసుపు బండిని
దొంగల లెక్క, ఊపిరి వట్టి, నూకినం మడిగె దాక.
మెట్టు మీద కాగితం పరిచి
మిగిలిన కొసలు పెట్టింది అక్క.
మేం అవుతలి పక్క గోడకు ఒరిగి కూసున్నం.

గూడ్సు బండి ఒకటి పోయింది. ఇంకొకటి పోయింది.

వొచ్చింది.
కొసల దిక్కు పోలేదు.
బండి సుట్టు ఒక్కసారి తిరిగింది,
ఎనక తలుపు కాడ చానాసేపు నిలవడ్డది,
ముక్కు రేకుకు ఆనిచ్చి.
ఇగ ముందటి టైరు కాడికొచ్చి
తీరుబాటుగ
కాలెత్తింది.

"పర్మిషనొచ్చింది" అన్నది అక్క
కొంగు నోట్లె కుక్కుకొని.
నవ్విందో ఏడ్సిందో చీకట్ల తెల్వలే.
నేను రేపటి ఉల్లిగడ్డలు ముంగటేసుకున్న.