వేడి చేసిందనుకున్నాను

పర్లాకిమిడి ఆసుపత్రిలో
కటకం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు
ఒడియాలో అడిగాడు.
నాకు అర్థమవుతుంది, నోరు తిరగదు.
అందుకని ఎప్పట్లాగే
మా ఇద్దరి మధ్యా నువ్వు, కుముదినీ,
గుణుపురం బడిలో నేర్చిన ఒడియాతో.

వయసెంత, పనేమిటి, బీడీ తాగుతాడా,
అన్నిటికీ నన్నడక్కుండానే చెప్పేశావు.
ముప్ఫై నాలుగు. కొమ్ము పని. తాగడు.
(చివరిది అబద్ధం. నీకూ తెలుసు.)

తర్వాతి ప్రశ్న
నీ నోటిదాకా వచ్చి ఆగింది.
కొంగు చివర వేలికి చుట్టుకుని
గోడ మీది క్యాలెండరుతో చెప్పినట్టు అన్నావు:
"పెళ్లికి ముందెప్పుడైనా
ఒంటికి పోసేటప్పుడు మంట, చీము...
ఉండేదా అంటన్నారు."

చెన్నై. పంతొమ్మిదేళ్లు. సెంట్రింగు పని.
రేకుల షెడ్డులో పద్నాలుగు మందిమి.
ఒక శనివారం బట్వాడా, ఒక రాత్రి.
ఆమె పేరు అడగలేదు.
చేతికి ఆకుపచ్చ గాజులు,
అదొక్కటే గుర్తుండిపోయింది, ఎందుకో.
వారం తిరిగేసరికి మంట.
మేస్త్రీ పైడయ్య నవ్వాడు:
"వేడి చేసిందిరా, బార్లీ తాగు."
బార్లీ తాగాను. మజ్జిగ తాగాను.
సగ్గుబియ్యం కాచుకు తాగాను.
మందుల షాపువాడు నా మొహం చూడకుండా
కాగితంలో చుట్టి నాలుగు బిళ్లలిచ్చాడు.
రెండు మింగాక మంట తగ్గింది.
మిగిలిన రెండూ ట్రంకు పెట్టెలో
మూడేళ్లున్నాయి.

తొమ్మిదేళ్ల ఫైలు నీ ఒళ్లో ఉంది.
ప్రతి కాగితం మీదా నీ పేరే.
మెళియాపుట్టి కసాయం, టెక్కలి స్కానింగు,
కడుపులోకి రంగు ఎక్కించి తీసిన ఎక్సురే.
ఆ రోజు నీ కేక
బయట టీ బడ్డీ దాకా వినిపించింది.
గ్లాసు కింద పెట్టాను.
మళ్లీ తీసి తాగేశాను.

మా వీధిలో నీకొక పేరుంది.
బారసాల పిలుపులప్పుడు వాళ్లు గొంతు తగ్గించి అనే పేరు.
దానికి మగ మాట తెలుగులో వెతికాను, దొరకలేదు.
ఒడియాలో ఉందేమో
నువ్వే చెప్పాలి.

"అవును" అన్నాను.
ఒడియాలో అది ఇంకా చిన్న మాట, హఁ.
అంత చిన్న మాట పలకడానికి
నువ్వు ఎంగిలి మింగుకోవడం చూశాను.

డాక్టరు కాగితం మీద సన్నని గొట్టం గీశాడు,
మెలికలు మెలికలుగా, ఒకచోట నల్లగా పూడ్చి.
మంట పోయిందంటే క్రిమి పోయినట్టు కాదట.
దారిలో కూర్చుని మచ్చ కట్టిందట.
లోపల గింజ తయారవుతూనే ఉండొచ్చు,
బయటికే దారి లేదట.
నీకూ పరీక్ష చెయ్యాలట, నా వల్ల.
పాఠం ఒప్పజెప్పినట్టు తెలుగు చేస్తున్నావు.
"నా వల్ల" అనే ముక్క దగ్గర
నువ్వు తడబడలేదు.

నాకు కొమ్ము గుర్తొచ్చింది.
దున్న కొమ్ము మొదట్లో బోలు, కొసకెళ్లేకొద్దీ గట్టి.
కొంగ మెడ వంచాలంటే వేడి చెయ్యాలి.
వేడి మించితే లోపలెక్కడో పగులుతుంది.
పైన పాలిష్ మెరుస్తూనే ఉంటుంది.
అలాంటివి ఎన్ని అమ్మానో.

బరంపురంలో సూదితో తీసే పద్ధతుందట.
కుదరొచ్చు, కుదరకపోవచ్చు. డబ్బవుతుంది.
ఇది చెప్పినప్పుడు మాత్రం
డాక్టరు తెలుగు ప్రయత్నించాడు, పాపం.

గేటు పడింది. గుణుపురం బండి పోతోంది,
మీ ఊరివైపు.
ఆఖరి పెట్టె దాటేదాకా దాన్నే చూసి
ఫైలు నా చేతిలో పెట్టావు.
ఇంత బరువుంటుందని తెలీదు.

ఇంటికొచ్చాక అమ్మ గడపలోనే అడిగింది:
"డాక్టరేటన్నాడు?"
అలవాటుగా నీవైపు చూశాను.
నువ్వు లోపల బియ్యం కడుగుతున్నావు,
నీళ్లు ఒంపిన చప్పుడు.

అమ్మ అడిగింది తెలుగే.
మధ్యలో ఎవరూ లేరు.