318

హాంబర్గు రేవులో, కాలువ గట్టున
నాలుగో అంతస్తు నాది.
తలుపుకి రెండు తాళాలు.
ఒక చెవి నా నడుముకి,
రెండోది సుంకం ఆఫీసరు డీర్క్స్ జేబులో.
ఇద్దరం కలిస్తేనే దీపం వెలిగేది.

ఇక్కడున్న సరుకు ఇంకా ఈ దేశంలో లేదు.
ఓడ దిగింది, క్రేనెక్కింది,
నా భుజం వాచేలా మెట్లూ ఎక్కింది.
కాయితంలో మాత్రం నీళ్ళ మీదే ఉంది.

దులపొచ్చు. గాలికి పరవొచ్చు.
తేమ తగిలితే గోనెపట్టా మార్చొచ్చు.
వాడకూడదు.
దాచడం వేరు, వాడడం వేరని
నేను చేరిన రోజే డీర్క్స్
ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించాడు.

కాషాన్ నుంచి వచ్చిన ఎర్ర తివాచీ, 318,
పదకొండేళ్ళుగా చుట్టగానే ఉంది.
సొహ్రాబీ ఏటా వస్తాడు.
సుంకానికి డబ్బు కూడిందా అని మేం అడగం.
విప్పితే పక్కన నిలబడి
ఒక మూల ముడులు లెక్కపెడతాడు.
ఆ మూల నేసింది వాళ్ళ పెద్దక్కట,
తప్పు ముడులన్నీ ఆవిడవేనట.

ఈసారి మోకాళ్ళు మాట వినలేదు.
మా దగ్గర కుర్చీ లేదు.
బూట్లు విప్పి, అంచు మీద కూలబడ్డాడు.

అది వాడకమే.
డీర్క్స్ గొంతు సవరించుకున్నాడు.
కిటికీ వైపు తిరిగి
కాలువలో పోటు ఎంతవరకొచ్చిందో
చాలాసేపు చూశాడు.

సాయంత్రం రిజిస్టరులో రాశాను:
318. విప్పి చూడడమైనది. చిమ్మటలు లేవు.
పదిహేడు కిలోలు. తేడా లేదు.

ముసలాయన కూర్చున్నచోట
ఉన్ని కొంచెం అణిగింది.
దానికి గడి లేదు.
అరచేత్తో ఎగదువ్వి
చుట్టేశాను.