సీటు బెల్టు చివర

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా ఐదు.
యొకొహామా నుంచి దిగిన టొయోటా,
వేలం కాగితం మీద నాలుగున్నర మార్కులు.

కాగితం మడిచి జేబులో పెట్టేస్తాడు లస్మన్న.
వేలి కణుపుతో తలుపు మీద కొడతాడు,
సంతలో కుండను కొట్టి చూసినట్టు.
మోత మొద్దుబారితే లోపల పుట్టీ.
బోల్టు తలన రంగు పెచ్చు లేస్తే
ఎవడో విప్పాడు.

ఆఖర్న సీటు బెల్టును
చేంతాడులా చివరంటా లాగుతాడు.
ఇవాళ బురదొచ్చింది, ఎండిపోయి, చిటికెడు.
ఏ ఊరి వరదో.
ఎవరు ఈ బెల్టు విప్పుకుని ఈదారో.

"రాయకు" అన్నాడు గుల్ జమాన్,
"కంపాలా వాళ్లు రేపే వస్తారు."

లస్మన్న దగ్గాడు.
రెండేళ్లకోసారి వీసా కోసం
అతని ఛాతీకీ ఫోటో తీస్తారు.
అక్కడ పుట్టీ అంటదు.

కాగితం విప్పి,
బురదను ఉమ్మితో తడిపి
నాలుగున్నర పక్కన వేలిముద్ర వేశాడు.